రేవును గెలిచిందెవరు?

యుద్ధచరిత్ర అంటే సేనానుల జీవితచరిత్ర అని నమ్మే మేధావులు మనలో ఇంకా ఉన్నారు. రెండవ ప్రపంచయుద్ధం గురించి నేను పాఠం చెప్పినప్పుడల్లా విద్యార్థులు అడిగే మొదటి ప్రశ్న: మాంట్‌గోమరీ గొప్పవాడా, పాటన్ గొప్పవాడా? తప్పు వారిది కాదు. అలా చదవడం నేర్పిన మనది. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఆ సేనలకు తిండీ, పెట్రోలూ మోసిందెవరు?

నార్మండీలో దిగిన మిత్రరాజ్యాల సేనలు 1944 జూన్ చివర షెర్బూర్ రేవును పట్టుకున్నాయి. దొరికింది రేవు కాదు, శిథిలం. జర్మన్లు జెట్టీలు పేల్చి, ఓడలు ముంచి, నీళ్లలో మైన్లు పరిచారు. మూడు వారాలకు గాని సరుకు దిగలేదు. ఇంతలో సేనలు జర్మనీవైపు దూసుకుపోయాయి. సరుకు వెనకే ఉండిపోయింది. ఆగస్టు 25 నుంచి నవంబరు 16 వరకు ‘రెడ్ బాల్’ దారిలో రాత్రింబవళ్లు లారీలు తోలినవారిలో సుమారు నాలుగింట మూడు వంతులు నల్లజాతి సైనికులు. ఏ సైన్యం వర్ణవివక్షతో వారిని వెనక్కి నెట్టిందో, ఆ సైన్యాన్నే వారు ముందుకు నడిపించారు!

సెప్టెంబరు 4న బ్రిటిష్ దళాలు బెల్జియంలోని ఆంట్‌వర్ప్ చేరాయి. ఈ రేవు దాదాపు చెక్కుచెదరకుండా దొరికింది. లాకులను, క్రేన్లను నాజీల విధ్వంసం నుంచి కాపాడటంలో బెల్జియన్ ప్రతిఘటన వీరుల పాత్ర ఎంతో ఉంది. మరి సేనాని ప్రతిభ ఏం చేసింది? రేవునుంచి సముద్రానికి సుమారు 80 కిలోమీటర్ల షెల్ట్ నది. దాని గట్లు జర్మన్ల చేతిలో ఉండగా రేవు దొరికీ ఫలితం లేదు. నౌకాసేనాని రామ్సే హెచ్చరించాడు. మాంట్‌గోమరీ చూపు ఆర్న్‌హెమ్ మీద ఉంది. ఆ జాప్యానికి మూల్యం ఎవరు చెల్లించారు? గట్లకోసం నవంబరు 8 వరకు సాగిన పోరులో కెనడా మొదటి సైన్యం కింద సుమారు 13 వేలమంది హతులో, క్షతగాత్రులో, గల్లంతో అయ్యారు. మొదటి ఓడలబారు రేవు చేరింది నవంబరు 28న; అంటే 85 రోజులకు!

సేనాని లేకుండా యుద్ధం నడుస్తుందా అని మిత్రులు కోప్పడవచ్చు. నడవదు. కాని సేనాని పొరపాటు చేసినా యుద్ధం ఎందుకు ఆగలేదో వారు చెప్పాలి. వీ-1, వీ-2లు నెత్తిన పడుతున్నా ఆంట్‌వర్ప్ కార్మికులు సరుకు దించారు. డిసెంబరు 16న ఒక్క రెక్స్ సినిమాహాలులోనే 567 మంది చనిపోయారు.

ఉపాధ్యాయ మిత్రులారా! ఈసారి ఈ పాఠం చెప్పేటప్పుడు సేనాని పేరుకు ముందు మూట మోసినవాణ్ణి తలుచుకుందాం. ఫాసిజాన్ని ఓడించిన చేతులు అవే.