చిరుతమచ్చల బల్లికి వెచ్చదనము

ముదిగొండనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. పట్నమున చదువుచున్న కుమారుడు చిరుతమచ్చల బల్లి నొకదానిని కొని తెచ్చి, తల్లికప్పగించి పోయినాడట. చలి ముదిరినది మొదలు అది మేత ముట్టదు, తోక సన్నగిలుచున్నది. అత్తగారు దానిని అడవిలో విడిచి రమ్మనుచున్నారట.

అడవిలో విడువకుడు. ఈ జాతి పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతముల మెట్టనేలలది. పెట్టెలో పెరిగిన జీవికి భద్రాచలపుటడవిలో బ్రదుకు లేదు. దీని జ్ఞాతి యొకటి మన తూర్పు కనుమలలో కలదు. విషజంతువని భ్రమించి దానిని కొట్టి చంపుదురు. రెంటికిని విషము లేదు. ఆ యడవిదానిని పట్టి తెచ్చి పెంచుటయు తగదు. ఇంటనున్నదాని విషయమై చట్టమేమనునో అటవీశాఖ కార్యాలయమున విచారింపుడు. అత్తగారికి బల్లిపాటు భయమైనచో, ఇది మీద పడునది కాదని చెప్పవచ్చును: దీని వ్రేళ్ళకు అంటుకొను మెత్తలు లేవు, గోడ నెక్కలేదు!

ఇక మేత సంగతి. బల్లి మేను తనంత వెచ్చబడదు. క్రిందినేల వేడిమియే దానికి జఠరాగ్ని. చలిలో తిన్నది అరగక కడుపున మురుగును గనుక బలవంతముగా నోట కుక్కరాదు. ముందు వెచ్చజేయవలెను. పెట్టె యొకకొన అడుగున వేడిపలక నుంచి, అచటి నేల 31 నుండి 33 డిగ్రీల సెంటిగ్రేడు, రెండవకొన 25కు అటునిటు నుండునట్లు చూడవలెను. థర్మోస్టాటు లేని పలక పొట్టను కాల్చును. కుంపటి దరిని పెట్టుట యంతకంటె కీడు. వైశాఖము వచ్చినచో మన ఖమ్మము సీమలో చిక్కు తలక్రిందులగును. 40 డిగ్రీలు దాటిన దినములలో పలక నార్పి, పెట్టెను చల్లని గదికి మార్పుడు.

అది తినునవి ప్రాణమున్న పురుగులే: కీచురాళ్ళు, పిండిపురుగులు, చిన్న బొద్దింకలు. అన్నము, పాలు, పండ్లు పనికిరావు. పురుగు బల్లి కన్నుల నడిమి యెడమును మించరాదు. పిల్లకు నిత్యము, పెద్దదానికి దినము విడిచి దినము చాలును. పురుగులపై డి3 విటమిను కలిసిన కాల్షియము పొడి చల్లవలెను. లేనిచో ఎముకలు మెత్తబడి కాళ్ళు వంకరపోవును. మిరపతోటలలో, ప్రత్తిచేలలో పట్టిన మిడతలను మాత్రము ఎన్నడును పెట్టకుడు. చేనికి కొట్టిన మందు మిడత కడుపునుండి బల్లి కడుపునకు పోవును. ముదిగొండ చుట్టుప్రక్కల ఈ భయము చిన్నది కాదు.

పెట్టెలో ఇసుక వలదు, కాగితము పరచుడు. తడిగుడ్డ వేసిన చిన్న గూడొకటి యుంచినచో కుబుసము సులువుగా వదలును. వ్రేళ్ళకు చుట్టుకొని మిగిలినచో నెత్తురాడక వ్రేళ్ళే రాలును. ముట్టిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను, దాని గిన్నెలను వంటయింట తోమరాదు. సాల్మొనెల్లా యను క్రిమి వీనివలన సోకును. అయిదేండ్లలోపు బిడ్డలను చేరనీయకుడు.

వెచ్చజేసిన పదిదినములకును మేత ముట్టకున్నను, తోక యింకను చిక్కినను పశువైద్యునికి చూపుడు. క్రొత్త మలమును చిన్న సీసాలో కొనిపోయినచో ప్రేగులలోని పురుగులను పరీక్షించుట కక్కరకు వచ్చును.