కారులో కచేరీ

మొన్న ఒక కాలేజీ కుర్రాడు నన్ను నిలదీశాడు. "ఫోన్లో కోటి పాటలుండగా, యింకా పెన్‌డ్రైవ్‌లో పాటలు మోసుకుని కారెక్కుతారేంటి సార్?" అని.

న్యాయమైన ప్రశ్నే! కానీ దానికి జవాబు చెప్పాలంటే ముందు మా నాన్న సంగతి చెప్పాలి. మీకు తొందరేం లేదుగా?

మా అమ్మా నాన్నల పెళ్ళి 1984లో. కొత్త కాపురంలోకి నాన్న కొన్న మొదటి వస్తువు ఒక టూ ఇన్ వన్. రేడియోలో మంచి పాట రాగానే రికార్డు మీట నొక్కేవారట. పాట అయిపోగానే రేడియో కట్టేసి, సెట్టులోనే వుండే మైకు ముందు మూతి పెట్టి, అచ్చం అనౌన్సరులా "శ్రోతలారా! మీరింతవరకూ విన్నది 'శంకరాభరణం' చిత్రంలోని పాట. కోరిన శ్రోత... మా ఆవిడ!" అని గంభీరంగా ప్రకటించేవారు. ఆ గొంతుకి వీధిలో అభిమానులుండేవారని అమ్మ యిప్పటికీ దెప్పుతుంది!

నాలుగేళ్ళ క్రితం నాన్న గొంతుకి ఆపరేషన్ అయింది. ప్రాణానికి ఢోకా లేదు. కానీ ఆ గొంతు పోయింది. యిప్పుడాయన మాట్లాడితే గుసగుసే. ఆ పాత గొంతు ప్రపంచం మొత్తమ్మీద మిగిలింది ఒక్క అరవై నిమిషాల క్యాసెట్‌లోనే. చెప్పండి, ఏ కోటి పాటల ఫోన్లో దొరుకుతుందది?

కిందటి కార్తీకంలో అమ్మా నాన్నలతో శ్రీశైలం ప్రయాణం పెట్టుకున్నాను. దారిలో ఆ క్యాసెట్ వినిపించి యిద్దర్నీ ఆశ్చర్యపరచాలని రహస్యంగా ప్లాను వేశాను. టూ ఇన్ వన్‌కి బెల్టు మార్పించి, దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కి తీగ కలిపాను. టేపు విషయంలో అడ్డదారి లేదు సుమా! అరవై నిమిషాల క్యాసెట్ ఎక్కించాలంటే అరవై నిమిషాలూ కూర్చోవలసిందే. తర్వాత ఎడిటర్‌లా పాటకో ముక్కగా కత్తిరించి, ఒక్క రవ్వ కూడా నష్టం కాకూడదని 'ఫ్లాక్' రకం ఫైళ్ళుగా దాచి, కొత్త 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేశాను.

కారు కదిలింది. పెన్‌డ్రైవ్ పెట్టాను. కారు తెర మీద ఒకటే ముక్క... 'ఫైళ్ళు లేవు'!

తీసి పెట్టాను. తుడిచి పెట్టాను. దణ్ణం పెట్టి పెట్టాను. ఊహూఁ!

ఏం చేస్తాం? బ్లూటూత్ కలిపి ఫోన్లో పాటలు పెట్టాను. కడ్తాల్, ఆమనగల్లు, డిండి... బాగానే సాగింది. మన్ననూరు దాటి నల్లమల అడవిలో పడ్డామో లేదో, సిగ్నల్ పోయింది. కోటి పాటలూ గోవిందా! తెర మీద చక్రం తిరుగుతోంది, అంతే.

ఆ నిశ్శబ్దంలో వెనక సీట్లోంచి నాన్న ఏదో జోకు వేశారు. ఇంజను చప్పుడులో వినపడలేదు. ముందు సీట్లో వున్న అమ్మ వెనక్కి తిరిగి "ఏమన్నారండీ?" అంది. మళ్ళీ చెప్పారు. "ఆఁ?" అంది. మూడోసారి ఆయన నవ్వేసి, 'ఏం లేదులే' అన్నట్టు చెయ్యి వూపి, కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చున్నారు. శ్రీశైలం దాకా మరి నోరు విప్పలేదు.

యింటికొచ్చాక పట్టుదలగా కూర్చుని అసలు గుట్టు తెలుసుకున్నాను. మీక్కూడా పనికొస్తుంది, వినండి.

మొదటిది... పెన్‌డ్రైవ్ లోపలి అమరిక. చాలా కార్ల స్టీరియోలకి 'ఫ్యాట్ 32' అనే పాత పద్ధతి ఒక్కటే అర్థమవుతుంది. 64 జీబీ, ఆపై పెన్‌డ్రైవ్‌లు మామూలుగా 'ఎక్స్‌ఫ్యాట్' పద్ధతిలో వస్తాయి. అంచేత కారుకి 32 జీబీ మేలు. వున్నదాన్నే ఫార్మాట్ చేస్తానంటారా? చేయండి, కానీ అందులో వున్నదంతా తుడిచిపెట్టుకు పోతుంది, జాగ్రత్త!

రెండోది... ఫైలు రకం. ఫ్లాక్ అన్ని కార్లకీ రాదు. 1995లో ఆ పేరు పెట్టుకున్న ఎంపీత్రీ మాత్రం దాదాపు ప్రతి కారుకీ వచ్చు. 320 కేబీపీఎస్‌లో చేస్తే నిమిషానికి సుమారు 2.4 ఎంబీ. అంటే నాలుగు నిమిషాల పాట పది ఎంబీ లోపే. 32 జీబీలో మూడు వేల పాటలు హాయిగా పడతాయి. రేడియోలోంచి పట్టిన టేపుకి 192 చాలు. టేపులో లేని కమ్మదనం అంకె పెంచితే రాదు కదా!

మూడోది... పేర్లు. నేను ముచ్చటగా తెలుగులో పేర్లు పెడితే కారు తెర మీద అన్నీ డబ్బాలే! చాలా స్టీరియోలకి తెలుగు అక్షరాలు రావు. యింగ్లీషు అక్షరాల్లో రాసి, ముందు 01, 02 అని అంకె వేశాను. ఉత్త 1, 2 అని వేస్తే కొన్ని కార్లు ఒకటి తర్వాత పది వినిపిస్తాయి. ఇంటర్వెల్‌కి ముందే క్లైమాక్స్ చూపించినట్టు!

మరో ముఖ్యమైన మాట. ఇవన్నీ బండి కదలకముందే సర్దుకోండి. స్టీరింగ్ వదిలేసి పాటలు వెతికే హీరోయిజం వద్దు బాబూ!

మాఘమాసంలో మళ్ళీ అదే దారి, అదే కారు. ఈసారి అడవిలోకి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు పెన్‌డ్రైవ్ పెట్టాను. పాట వచ్చింది. వెనకాల టేపు బుస్సుమంటోంది. పాట అయిపోయింది. గంభీరమైన కుర్ర గొంతు కారంతా నిండిపోయింది.

"కోరిన శ్రోత... మా ఆవిడ!"

అమ్మ ఉలిక్కిపడింది. రెండు మైళ్ళు ఎవరూ మాట్లాడలేదు. అద్దంలోంచి చూశాను. నాన్న తలవంచుకుని అరచెయ్యి గొంతు మీద పెట్టుకుని వున్నారు. అప్పుడు అమ్మ వెనక్కి తిరిగింది.

"ఏమండీ! ఆ పాట నేనెప్పుడు అడిగాను? అదంటే మీకిష్టం. నా పేరు చెప్పి వేసుకున్నారు!"

నాన్న చప్పుడు లేకుండా భుజాలెగరేసి నవ్వారు. ఏదో అన్నారు కూడా. నేను వెంటనే వాల్యూమ్ తగ్గించాను. అమ్మ సీటు మధ్యలోంచి వంగి చెవి దగ్గరపెట్టి వింది. ఆయనేమన్నారో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

యిదీ ఆ కాలేజీ కుర్రాడికి నా జవాబు. ఫోన్లో కోటి పాటలుంటాయి నాయనా, నీ యింటి గొంతు వుండదు. మీ అటక మీద కూడా ఒక క్యాసెట్ వుండే వుంటుంది. ఈ ఆదివారం దింపండి. ఫ్లాక్‌లో ఒక కాపీ యింట్లో, యింకో కాపీ యింకోచోట దాచండి. ఎంపీత్రీ కారుకి. టేపు ఎప్పుడు తెగుతుందో ఎవరికీ చెప్పి తెగదు!

వుంటాను మరి. వచ్చేవారం కలుద్దాం.