పాత కెర్నెలుకు కొత్త మరమ్మతు

నడచుచున్న యంత్రమును కదల్పరాదను వాదము కంప్యూటరు కార్యాలయములలో తఱచుగా వినవచ్చుచున్నది. సర్వరు బాగుగనే పనిచేయుచున్నది. దాని లోపలి లినక్సు కెర్నెలు అయిదాఱేండ్ల నాటిది. ఇప్పుడు కొత్త ప్యాచి వేసినచో ఉన్నదియు చెడునేమోయని నిర్వాహకులు జంకుచున్నారు. 2023 డిసెంబరులో జరిగిన యొక సంగతి వీరి భయమునకు ఊతమైనది. ఆ భయము నిరాధారమని మేము చెప్పము. దానినుండి వారు తీయు సిద్ధాంతము మాత్రము మాకు సమ్మతము కాదు.

యంత్రమునకును దానిపై నడచు కార్యక్రమములకును నడుమ నిలిచి, మెమరీని, డిస్కును, ఫైళ్లను పంచిపెట్టు మూలభాగమే కెర్నెలు. మా పాఠకులలో ననేకుల జేబులలోని ఆండ్రాయిడ్ ఫోనులందును ఉన్నది ఇదియే. రెండు మూడు నెలల కొక కొత్త కెర్నెలు వెలువడుచుండును. వానిలో కొన్నిటిని ఏరి దీర్ఘకాలము పోషింతురు. దోషము కనబడినప్పుడు మొదట కొత్తదానిలో సవరించి, పిదప ఆ సవరణను పాతవానికి అమర్చుటనే బ్యాక్‌పోర్టు అందురు. ఇందులకు నియమములు లేకపోలేదు: సవరణ ప్రధానశాఖలో ముందుగ చేరియుండవలెను, పరిసర పంక్తులతో గూడ నూఱు పంక్తులు మించరాదు, సరియైనదని స్పష్టముగ తోచవలెను, పరీక్షింపబడవలెను.

2021 జూలై 20వ తేదీన క్వాలిస్ సంస్థ వెల్లడించిన ‘సెకోయా’ దోషమును చూడుడు. 2014లో ఫైలు వ్యవస్థలో ప్రవేశించిన మార్పు వలన, 64 బిట్ల పరిమాణసంఖ్య 32 బిట్ల పాత్రలో పోయబడి ఋణసంఖ్యగ మాఱుచుండెను. ఏ యధికారమును లేని వినియోగదారుడు డైరెక్టరీలో డైరెక్టరీని పేర్చి, దారి మొత్తము పొడవు 1 గిగాబైటు దాటునట్లు చేసి, దానిని మౌంటు చేసి తొలగించినచో, కెర్నెలు తన హద్దు దాటి వ్రాయుచుండెను. ఆ సందున ఆతడు రూట్ అధికారమును హస్తగతము చేసికొనగలిగెను. ఏడేండ్లు ఈ ద్వారము తెఱచియే యుండెను. చికిత్స అత్యల్పము. కోరిన బఫరు ఒక మితిని మించినచో ఇయ్యవలదని చెప్పు కొద్ది పంక్తులే! అవి 5.13 మొదలు 4.4 వఱకు పోషణలోనున్న శాఖలన్నిటను ఆ దినముననే చేరెను. దిద్దుబాటు ప్రకటింపబడెననగా కన్నము ఎచటనున్నదో దొంగకును తెలిసినదన్నమాట. నాటినుండి కదలక కూర్చున్న నిర్వాహకుడు తన క్షేమమును దేనిపై నిలుపుకొనెనో మాకు బోధపడకున్నది.

ఇక రెండవ పక్షము. 2023 నవంబరు తుదిని వెలువడిన 6.1.64 కెర్నెలులో ఈఎక్స్‌టీ4 ఫైలు వ్యవస్థకు సంబంధించిన సవరణ యొకటి చేర్పబడెను. కొత్త కెర్నెలులో అది నిర్దుష్టము. అచ్చట వ్రాత ముగిసిన పిమ్మట ఎన్ని బైట్లు వ్రాయబడెనో ఆ సంఖ్యను తిరిగి ఇచ్చుట జయసూచకము. పాత కెర్నెలులోనో, సున్న ఇచ్చుటయే జయసూచకము. ఈ భేదమును సరిపఱచు వేఱొక పూర్వసవరణ 6.1లో లేకుండగనే తరువాతిది తెచ్చి అతికించిరి. తత్ఫలితముగ నేరుగ డిస్కునకు వ్రాయునప్పుడు వ్రాతస్థానము ముందునకు జరుగదాయెను. కరణము ఒక పద్దు వ్రాసి, మఱుసటి పద్దును దాని మీదనే వ్రాసినట్లు! డెబియన్ వారు 12.3 విడుదలను డిసెంబరు 9వ తేదీన నిలిపి, మఱునాడే 12.4ను వెలువరింపవలసివచ్చెను, 6.1.66లో దోషము తొలగెను. అదే సవరణను 5.15 శాఖకు కూర్పబోగా జరిగిన పరీక్షలే గుట్టును బయటపెట్టినవి. అనగా పరీక్ష లేకపోలేదు, ఒక శాఖలో ఆలస్యమయ్యెను.

కావున దోషము బ్యాక్‌పోర్టు అను పద్ధతిది కాదు; అది కేవలము నకలు వ్రాత యనుకొనుటది. పాత కెర్నెలు ఎట్లు తలపోయునో ఎఱిగినవాడు గాని ఈ పని చేయజాలడు. అట్టివారెందఱు? 2023 సెప్టెంబరులో దీర్ఘకాలపోషణను ఆఱేండ్లనుండి రెండేండ్లకు కుదింతుమని తెలుపునప్పుడు, పోషకులపై బడిన భారమును ఒక కారణముగ జెప్పిరి. ఫోనులను, సర్వరులను విక్రయించి లాభమందువారు ఇది విని ఊరకుండుట న్యాయమా? సీమెన్స్, తోషిబా మున్నగు సంస్థలు 2016 నుండి సివిల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ప్లాట్‌ఫారం పేరిట కూడి, విద్యుత్కేంద్రాదులకై కొన్ని కెర్నెళ్లను పదేండ్లకు తక్కువగాక పోషింప పూనినవి. పాత కెర్నెలు కావలెననువారు దాని పోషణకు మనుష్యులను, ధనమును ఇయ్యవలెనని వారు గుర్తించిరి. తక్కినవారు గుర్తింపవలసియున్నది.

నిర్వాహకులకు మా విన్నపము వేఱు. వచ్చిన ప్యాచిని ఆ దినముననే అన్ని సర్వరులపై వేయుడని మేము కోరుట లేదు. ఒక యంత్రమును ప్రత్యేకించి, తమ యసలు ఫైళ్ల నకళ్లను అందుంచి, కొత్త కెర్నెలుపై వానిని వ్రాసి, చదివి, సరిచూచుడు. అంతవఱకు బ్యాకప్పు వేఱొకచోట నుండనిండు. దీనికి పట్టునది ఒకటి రెండు దినములు. రక్షణప్యాచి యైనచో అంతకుమించి జాగుచేయరాదు.