నసీబ్ కాదు, హిసాబ్ చూడండి



2025 ఐపీఎల్ సగం నడిచాక ఒకరోజు మగ్రిబ్ తర్వాత మా ఆపా ఫోన్ చేసింది. "భాయ్, నీ భాంజా రెండు నెలల నుంచి హాస్టల్ కిరాయి కట్టలేదంట. వాళ్లు ఫోన్ చేసిన్రు. మేమైతే నెలనెలా పైసలు పంపుతూనే ఉన్నం. ఒక్కసారి పోయి చూడవా?"

వాడుండేది అశోక్‌నగర్‌లో, గ్రూప్స్ కోచింగ్‌కొచ్చిన పిల్లలతో నిండిన ఒక గల్లీలో. ముగ్గురికో రూమ్. పొద్దున ఫజర్‌కు లేచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయి కుర్చీ పట్టుకునేవాడు. నేను వెళ్లేసరికి మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. ఏమీ అడగకుండా "పద, చాయ్ తాగొద్దాం" అని నారాయణగూడ దాకా నడిపించుకుపోయాను. రెండో చాయ్‌కి నోరు విప్పాడు. కిరాయి, టెస్ట్ సిరీస్ ఫీజు, దోస్తుల దగ్గర తీసుకున్న కర్జా... అన్నీ ఒక బెట్టింగ్ యాప్‌లో పోయినయ్.

"జూదం ఆడినవా?" అన్నాను.

"జూదం కాదు మామూ. పేకాట లెక్క కాదిది. పిచ్ చూస్త, టాస్ చూస్త, ప్లేయర్ల ఫామ్ చూస్త. అనాలిసిస్ చేసి పెడ్త."

ఆ మాట దగ్గర ఆగిపోయాను. వాడికి జూదం హరామ్ అని తెలియక కాదు. చిన్నప్పటి నుంచి విన్నాడు. వాడి మనసులో జూదమంటే గుడ్డిగా ఆడేది, తాను చేసేది ఇల్మ్‌తో చేసే పని. మన ఇళ్లల్లో "హరామ్ హై" అని ఒక్క మాట అనేసి ఊరుకుంటాం. మాట నిజమే. కానీ ఆ ఫోన్‌లో కనిపించే అంకెల వెనక ఏముందో మనమూ చూడలేదు, వాళ్లకూ చూపించలేదు. ఆ రోజు హోటల్ బిల్లు వెనక రాసి వాడికి చూపించిన హిసాబే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

యాప్‌లో ఒక జట్టు పక్కన 1.90 అని ఉంటుంది. అంటే 100 పెట్టి గెలిస్తే మీ 100 కలుపుకుని 190 వస్తుంది, లాభం 90. పాత సట్టా భాషలో దీన్నే "90 పైసల భావ్" అంటారు. లగాయీ అంటే జట్టు గెలుస్తుందని పెట్టడం, ఖాయీ అంటే గెలవదని పెట్టడం. మలక్‌పేట్ రేస్‌కోర్స్‌కు పోయే పాతకాలపు మనుషులు "నాలుగుకు ఒకటి" అని చెప్పుకునేవారు, అంటే ఒక రూపాయికి నాలుగు లాభం. యాప్ దాన్ని 5.00 అని రాస్తుంది. రాత మారింది, లోపలి సంగతి ఒకటే.

ఇప్పుడు టాస్ తీసుకోండి. బొమ్మా బొరుసా, సగం సగం ఛాన్స్. ఇన్సాఫ్‌గా అయితే రెండు వైపులా 2.00 ఇవ్వాలి. యాప్ రెండు వైపులా 1.90 ఇస్తుంది. 100ని 1.90తో భాగిస్తే 52.63 వస్తుంది. రెండు వైపులూ కలిపితే 105.26. ఉన్న ఛాన్స్ మొత్తం 100 అయినప్పుడు ఆ పైన 5.26 ఎక్కణ్ణుంచి వచ్చింది? అదే దుకాణందారు ముందుగానే తీసి పెట్టుకున్న వాటా. మన వైపు నుంచి చూస్తే పెట్టిన ప్రతి 100కి సగటున 95 తిరిగొస్తుంది. గెలిచిన రోజు ఎక్కువ వస్తుంది, ఓడిన రోజు ఏమీ రాదు, కానీ సగటు 95 దాటదు.

"అయిదు రూపాయలే కదా మామూ" అన్నాడు మా భాంజా.

ఒకసారి పెడితే అయిదే. కానీ ఎవరూ ఒకసారి పెట్టి ఆగరు. 500 చొప్పున రోజుకు 20 పందేలు, 40 రోజులు వేసుకో. వచ్చిన డబ్బే మళ్లీ మళ్లీ తిరుగుతుంది కాబట్టి జేబులోంచి పెద్దగా పెట్టినట్టు అనిపించదు. కానీ తిరిగిన మొత్తం 4 లక్షలు. అందులో 5 శాతం 20 వేలు. నసీబ్ బాగోలేక పోయిన 20 వేలు కాదవి. నసీబ్ మామూలుగా ఉంటేనే పోయే 20 వేలు. హాస్టల్ కిరాయి సరిగ్గా అక్కడికే పోయింది.

ఇక పందేల రకాలు. ఎవరు గెలుస్తారన్నది అన్నిట్లోకి సాదాది. దాని తర్వాత సెషన్ ఉంటుంది. ఆరు ఓవర్లకు ఎన్ని పరుగులని. భావ్ 48-50 అని చెప్తారు. "నో" అంటే 48కి తక్కువ రావాలి, "యెస్" అంటే 50 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావాలి. మరి 48, 49 వస్తే? నో అన్నవాడూ పోయాడు, యెస్ అన్నవాడూ పోయాడు. రెండువైపుల సొమ్మూ దుకాణానికే. ఈ సంగతి ఎక్కడా దాచలేదు, కళ్లముందే ఉంది. అయినా మా వాడు అడిగేదాకా గమనించలేదు.

తర్వాత కాంబో. నాలుగు మ్యాచ్‌లు కలిపి ఒకే పందెం. ఒక్కోటి 1.90 అయితే నాలుగూ గెలిస్తే 100కి 1,303 వస్తుంది. పిల్లల కళ్లు మెరిసేది ఇక్కడే. కానీ సగం సగం ఛాన్స్ ఉన్న నాలుగు పందేలూ వరసగా గెలిచే అవకాశం 16లో ఒకటి. ఇన్సాఫ్‌గా 1,600 రావాలి. అంటే 100కి సగటున తిరిగొచ్చేది 81 రూపాయల చిల్లర. ఒక్క పందెంలో 5 తీసుకున్నవాడు కాంబోలో 18 దాటి తీసుకుంటున్నాడు. అందుకే యాప్ తెరవగానే అది పైన కనిపిస్తుంది.

లైవ్ బెట్టింగ్ అంటే బంతి బంతికీ పందెం. ఇక్కడ ఆలోచించుకునే టైమే ఉండదు. "నీకు 5,000 బోనస్" అన్నది ఇంకో ఎర. దాన్ని చేతికి తీసుకోవాలంటే దానికి పది రెట్లు ఆడాలని షరతు పెడితే, 50,000 తిప్పాలి. అందులో 5 శాతం 2,500. సగం బోనస్ అక్కడే ఆవిరి. ఈలోపు ఆ అలవాటు నరాల్లోకి ఎక్కేస్తుంది.

"నేను డబుల్ చేస్త మామూ. పోతే దానికి రెట్టింపు పెడ్త. ఎప్పుడో ఒకసారి గెలుస్తం కదా, పోయినవన్నీ వస్తయ్" అన్నాడు. ప్రతి హాస్టల్లోనూ ఈ ఫార్ములా చెప్పేవాడు ఒకడుంటాడు. బిల్లు తిప్పి మళ్లీ రాశాను. 100 పోయింది. 200 పెట్టావు, పోయింది. 400, పోయింది. 800, పోయింది. ఇప్పటిదాకా పోయినవి 1,500. అయిదోసారి 1,600 పెట్టి గెలిచావు. 1.90 భావ్ మీద లాభం 1,440. గెలిచి కూడా 60 రూపాయలు నష్టంలోనే ఉన్నావు! వరసగా ఏడు పోతే మునిగింది 12,700. మరుసటి పందెం 12,800. అవి ఎక్కడివి? దోస్తుల దగ్గరివో, లోన్ యాప్‌వో, అమ్మీ గాజులో.

వాడు బ్యాంకు పరీక్షలకు కూడా చదివాడు. ప్రాబబిలిటీ చాప్టర్‌లో సంచిలోంచి ఎర్ర బంతి తీసే లెక్కలు నిమిషంలో చేస్తాడు. ఈ లెక్క మాత్రం ఎన్నడూ చేసుకోలేదు. ఆ కాగితం చాలాసేపు చూసి, "కానీ నాకు క్రికెట్ తెలుసు కదా" అన్నాడు.

తెలుసు, ఒప్పుకుంటాను. కానీ పిచ్ సంగతి, టాస్ సంగతి భావ్ పెట్టేవాడికి తెలియవా? నువ్వు చూసేవన్నీ చూసి, నీకంటే ముందు చూసి ఆ అంకె పెడతాడు. నువ్వు గెలవాలంటే వాడికంటే బాగా తెలిస్తే సరిపోదు, వాడి వాటా దాటేంత బాగా తెలియాలి. ఒకవేళ ఎవరైనా అలా గెలుస్తూ పోతే? విదేశాల్లో లైసెన్స్ ఉన్న బుకీలే అలాంటివాళ్ల పందెం పరిమితి తగ్గించేస్తారు. ఇక్కడి దొంగ యాప్‌లైతే డబ్బు తీసుకోనివ్వవు. ఎవరికి ఫిర్యాదు చేస్తావు?

అప్పుడు వాడు అడిగిన మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "మరి గ్రూప్స్ కూడా జూదమే కదా మామూ? కొన్ని వందల పోస్టులకు లక్షల మంది. 2022 డిసెంబర్‌లో 783 పోస్టులకు గ్రూప్-2 నోటిఫికేషన్ ఇచ్చిన్రు. పరీక్ష 2024 డిసెంబర్‌లో పెట్టిన్రు. రెండేండ్లు ఏం చేయాలె నేను?"

జవాబు వెంటనే దొరకలేదు. 2022 గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయింది, చివరికి ఆ నోటిఫికేషనే 2024 ఫిబ్రవరిలో రద్దు చేసి కొత్తది ఇచ్చారు. అశోక్‌నగర్ పిల్లలు రోడ్డెక్కింది ఊరికే కాదు. ఆ ఖాళీ నెలల్లో, ఇంటికి ముఖం చూపించలేని ఆ రాత్రుల్లోనే ఈ యాప్ చేతిలోకొస్తుంది. ఇది పిల్లల లాలచ్ ఒక్కటే కాదు.

అయినా రెండూ ఒకటి కావు. పరీక్ష పోయినా చదివిన చదువు నీ దగ్గరే ఉంటుంది, రేపు ఇంకో పరీక్షకు, ఇంకో కొలువుకు పనికొస్తుంది. పందెం పోతే ఏమీ మిగలదు, కర్జా తప్ప. నువ్వు పరీక్ష ఫెయిలవడం వల్ల ఎవరూ సొమ్ము చేసుకోరు. నువ్వు ఓడటమే యాప్ వాడి రోజీ. వాడి మాటలో ఒక నిజం మాత్రం మనం తీసుకోవాలి. పిల్లాణ్ణి అశోక్‌నగర్‌కు పంపేటప్పుడే "రెండేళ్లు చూద్దాం, కాకపోతే ఇది చేద్దాం" అని ఇంకో దారి కూడా ఇంట్లో మాట్లాడుకోవాలి. దారి ఒక్కటే ఉన్నవాడు ఇరుక్కుపోతాడు.

దీన్ సంగతికొస్తే, ఖురాన్ జూదాన్ని మైసిర్ అంటుంది. సులువు అనే అర్థమిచ్చే యుస్ర్ మాటతో దానికి చుట్టరికముందని ఉలమా చెప్తారు. మెహనత్ లేకుండా సులువుగా వచ్చే సొమ్మన్నమాట. జాహిలియ్యా కాలంలో అరబ్బులు బాణాలతో ఒంటె మాంసం వాటాలకు జూదమాడి, గెలిచిన మాంసం గరీబులకు పంచేవారట. సూరా బఖరా 219వ ఆయత్ అందులో మనుషులకు కొంత లాభం ఉందని ఒప్పుకుని, పాపం దానికన్నా పెద్దదని చెప్తుంది. సూరా మాయిదా 90, 91 ఆయత్‌లు ఇంకా ముందుకెళ్లి దాన్ని షైతాన్ పనుల్లో లెక్కేసి, మనుషుల మధ్య దుష్మనీ పెడుతుందని, నమాజ్ నుంచి ఆపుతుందని హెచ్చరిస్తాయి. గరీబులకు మాంసం పంచిన జూదమే హరామ్ అయినప్పుడు, హాస్టల్ పిల్లల కిరాయి తినే జూదాన్ని ఏమనాలి? ఈ సొమ్ములో బర్కత్ లేదని పెద్దలు అంటే మా వాడు నవ్వేవాడు. ఆ 5 శాతం చూశాక నవ్వలేదు.

కానూన్ కూడా తెలుసుకోండి. తెలంగాణ 2017లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని మియాపూర్, పంజాగుట్ట పోలీసులు నటులు, ఇన్‌ఫ్లూయెన్సర్ల మీద కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టంలో ఇలాంటి ఆటలు నడిపేవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉంది. ప్రకటనలు చేసేవాళ్లకు 2 ఏళ్లు, 50 లక్షల వరకు. అయినా లింకులు టెలిగ్రామ్‌లో వస్తూనే ఉన్నాయి. ఇంకో ఖత్రా ఉంది. "నీ బ్యాంకు అకౌంట్ ఇవ్వు, నెలకింత ఇస్తాం" అని పిల్లల్ని అడుగుతారు. ఆ అకౌంట్లోంచే జూదం సొమ్ము తిరుగుతుంది. రేపు పోలీసులు వచ్చేది అకౌంట్ ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికి. గవర్నమెంట్ నౌకరీ కోసం చదివే పిల్లాడికి కేసు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

అమ్మీ అబ్బాలకు నా గుజారిష్ ఇది. పిల్లాడు చెప్పుకునేలా ఇల్లు ఉండాలి. ఇజ్జత్ పోతుందని దాచిపెట్టి, ఎవరికీ తెలియకుండా కర్జా తీర్చేసి మళ్లీ అదే ఫోన్, అదే డబ్బు వాడి చేతికిస్తే మూడు నెలల్లో మళ్లీ అక్కడికే వస్తారు. కర్జాల లిస్టు కాగితం మీద రాయించండి. కొన్నాళ్లు కిరాయి, ఫీజు మీరే నేరుగా కట్టండి. మోసం జరిగితే 1930కి, పిల్లాడు మనసు విరిగి ఉంటే 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయడంలో సిగ్గేమీ లేదు. మన మస్జిద్‌లలో జుమా రోజు జూదం మీద మాట్లాడే హజ్రత్‌లు అప్పుడప్పుడూ ఒక మ్యాథ్స్ టీచర్‌ను పక్కన కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది.

మా భాంజా యాప్ తీసేశాడు. ఆ తర్వాత ఒకసారి మళ్లీ వేసుకున్నాడని కూడా వాడే చెప్పాడు, మళ్లీ తీసేశాడు. చెప్పాడు కదా, అదే నాకు చాలు. కర్జాలో సగం తీరింది. సాయంత్రం ఇద్దరు చిన్న పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్తున్నాడు. పోయిన నెల మొదటి ఫీజు రాగానే వెయ్యి రూపాయలు ఆపాకు పంపాడు. ఆపా ఫోన్ చేసి "ఇవి ఎక్కడివి రా?" అని అడిగిందట. "మెహనత్‌వే అమ్మీ" అన్నాడట.

అల్లా మన పిల్లల రిజ్క్‌లో బర్కత్ ఇవ్వాలి. ఆమీన్.