నెలసరి ఆగాక ఎముకలకు రెండు గండాలు: మెట్ట మండలాల్లో బోరు నీళ్ల సంగతేంటి?

నెలసరి ఆగిన ఆడవారి ఎముకలు బలహీనపడటం ఎక్కడైనా ఉన్నదే. దుత్తలూరు, ఉదయగిరి మెట్ట ప్రాంతంలో మాత్రం దానికి ఫ్లోరైడ్ నీళ్లు తోడవుతున్నాయి. ఈ రెండింటినీ కలిపి చూడకపోవడమే ఇక్కడ అసలు సమస్య.

సమస్య కొత్తది కాదు. నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను దెబ్బతీస్తుందని 1937లో డాక్టర్ షార్ట్ బృందం బయటపెట్టింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. 2008-09లో కేంద్రం మొదలుపెట్టిన ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమంలోనూ తొలి జిల్లాల్లో నెల్లూరు ఉంది. అయినా ఫ్లోరోసిస్ అంటే పిల్లల పళ్ల మీద మచ్చలనే చాలామంది అనుకుంటారు.

మన దేశంలో నెలసరి సగటున 46, 47 ఏళ్లకే ఆగిపోతుంది. ఈస్ట్రోజన్ తగ్గగానే కొత్త ఎముక తయారయ్యేదానికన్నా పాతది కరిగేదే ఎక్కువ. మొదటి కొన్నేళ్లు ఈ నష్టం మరీ వేగం. ఫ్లోరైడ్ తీరు వేరు. అది ఎముకను మందం చేస్తుంది గానీ బలం ఇవ్వదు.

దీనికి రుజువు అమెరికాలో దొరికింది. నెలసరి ఆగి ఎముకలు గుల్లబారిన 202 మందిపై జరిగిన పరిశోధన 1990లో వెలువడింది. సోడియం ఫ్లోరైడ్ మందుతో వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూస విరగడం మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. చేతులు, కాళ్ల వంటి చోట్ల విరగడం పెరిగింది. అంటే స్కానింగ్‌లో ఎముక మందంగా కనిపించినంత మాత్రాన గట్టిగా ఉన్నట్టు కాదు. ఫ్లోరైడ్ ఊళ్లలో డెక్సా రిపోర్టు చూసే డాక్టరుకు తాగే నీళ్ల సంగతి కూడా చెప్పాలి.

ఇళ్లలో జరిగేది ఇంకోటి. అమ్మీకి సజ్దాలోకి వంగడం కష్టమైతే కుర్చీ వేస్తాం, "వయసు కదా" అని సరిపెట్టుకుంటాం. నడుం నొప్పి, గూని, ఎత్తు తగ్గడం వయసు లక్షణాలే కాదు, వెన్నుపూస విరిగిన గుర్తులూ కావచ్చు. నొప్పులకని డాక్టరును అడగకుండా నెలల తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలు ఎముకను ఇంకా గుల్ల చేస్తాయి.

నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. బోరు నీటిని పరీక్ష చేయించాలి. పాలు, రాగులు, కాస్త ఎండ, రోజూ నడక, డాక్టరు చెబితే కాల్షియం, విటమిన్ డి అవసరం.

తుంటి విరిగితే ఆపరేషన్, నెలల మంచం, ఇంట్లో ఒకరి కూలి పోవడం. నీటి పరీక్ష ఖర్చు దాని ముందు ఎంత? పిల్లల పళ్లు చూసే సర్వేలో నలభై అయిదు దాటిన ఆడవారి ఎముకలూ చూడాలని ఊరు అడగాల్సిన సమయం ఇది.