వినబడితే చాలు, కనబడనక్కరలేదు

కారులో పాట వినేవారిలో రెండు మతాలున్నాయి. మొదటి మతంవారి బండి డిక్కీ తెరవగానే పన్నెండంగుళాల సబ్‌వూఫర్లు జంటగా దర్శనమిస్తాయి. వాటి చుట్టూ నీలిదీపాలు, పక్కన అద్దపు పలక వెనుక మెరిసే యాంప్లిఫయర్. రెండో మతంవారి బండిలో ఎంత వెతికినా కంపెనీవారిచ్చిన సీట్లు, చాపలు తప్ప మరేమీ కనబడవు. పాట మొదలైతే మాత్రం కచేరీలో ముందు వరుసన కూర్చున్నట్టే ఉంటుంది. నేను రెండో మతంవాణ్ణి. మూడేళ్ళ క్రితం మా ఎస్‌యూవీలో అటువంటి గుప్త ఏర్పాటు చేయించుకున్నాను. అదే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. అయితే మా మతస్థులు తరచుగా మరచిపోయే ధర్మం ఒకటుంది. ఈ టపా రాయడానికి అసలు కారణం అదే. దాని దగ్గరికి వచ్చేముందు కొంత భూమిక అవసరం.

సబ్‌వూఫర్ అనగానే గుండెలదరగొట్టే యంత్రమని చాలామంది అనుకుంటారు. వారిని తప్పుపట్టలేం, వీధిలో వారికి ఎదురయ్యే సబ్‌వూఫర్లు చేసే పని అదే. కాని దాని నిజమైన ఉద్యోగం వేరు. మన సంగీతంలో మంద్ర, మధ్య, తార స్థాయులని మూడు చెబుతాం. మామూలు కారు స్పీకర్లలో మంద్రానికి అన్యాయం జరుగుతుంది. మృదంగంలో కుడివైపు పలుకులు ఎంత చిన్న స్పీకర్లోనైనా వినవస్తాయి. ఎడమవైపు, రవ్వముద్ద అద్ది గంభీరం చేసిన తొప్పి మాత్రం 'టప్' మని పొడిగా మోగి ఊరుకుంటుంది. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగె విడిగా మీటితే సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఇళయరాజా బాణీలు శ్రద్ధగా విన్నవారికి ఆ వాద్యం విలువ చెప్పనక్కరలేదు. 1989 నాటి గీతాంజలి పాటలనే తీసుకోండి, అక్కడ బేస్ గిటార్ పాటకు వెనుక నిలబడదు, గాయకుడితో సమంగా నడుస్తుంది. తలుపుల్లో బిగించే ఆరున్నర అంగుళాల స్పీకర్లు ఆ లోతుకు దిగడం కష్టం. వాటి శంకువు చిన్నది, వెనుక ఉన్నదేమో సందులున్న రేకు తలుపు. ఆ స్వరం పోయిన చోట మన బుద్ధి పై స్వరాలను బట్టి దాన్ని ఊహించుకుని సరిపెట్టుకుంటుంది. సబ్‌వూఫర్ ఉంటే ఊహించుకోవలసిన అవసరం ఉండదు, అంతే.

ఇక దాన్ని దాచవచ్చునా? నిక్షేపంగా దాచవచ్చు. స్పీకర్లన్నిటిలోకీ దాచడానికి అనువైనది అదొక్కటే. 40 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు ఎనిమిదిన్నర మీటర్లు. మధ్యరకం ఎస్‌యూవీ పొడవు దాదాపు 4.3 మీటర్లు. అంటే ఆ తరంగం రెండు బండ్లంత పొడుగన్నమాట. శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో మనకు తెలిసేది రెండు చెవులకూ చేరడంలో ఉండే కాలభేదం వల్ల, తీవ్రతాభేదం వల్ల. ఇంత పొడుగు తరంగానికి మన తల ఒక అడ్డే కాదు. రెండు చెవులకూ అది ఇంచుమించు ఒకే తీరున చేరుతుంది. అందుకే సుమారు 80 హెర్ట్జ్‌కు దిగువ శబ్దం సీటు కింద పుట్టిందో, డిక్కీ మూలన పుట్టిందో చెవి తేల్చుకోలేదు. తారస్థాయి సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. 10,000 హెర్ట్జ్ తరంగం మూడున్నర సెంటీమీటర్లే, అరచేయి అడ్డుపెట్టినా తేడా తెలుస్తుంది. ట్వీటర్లు చెవి వైపు చూస్తూ ఉండాలి. సబ్‌వూఫర్ ఎక్కడున్నా ఫరవాలేదు. చిత్రమేమిటంటే, హాయిగా దాచుకోగలిగిన దాన్నే మనవాళ్ళు ఎంచుకుని మరీ ప్రదర్శనకు పెడుతున్నారు.

మరో వరం కూడా ఉంది. మూసిన కారు చిన్న గది. తరంగంలో సగం ఆ గది పొడవును మించిన దగ్గరనుంచి, అంటే మన బండ్లలో దాదాపు 60 హెర్ట్జ్ నుంచి కిందికి, లోపలి గాలి అంతా ఒక్కసారిగా ఒత్తిడికి లోనవుతుంది. మంద్రస్వరం తనంత తానే పెద్దదవుతుంది. ఇంటి హాలులో చాలని ఎనిమిదంగుళాల సబ్‌వూఫర్ కారులో సరిపోవడానికి రహస్యమిదే. కారు మనకు ఉచితంగా సహాయం చేస్తూంటే రెండు పన్నెండంగుళాల పెట్టెలెందుకో నాకు బోధపడదు.

దాచడమనే ఆచారం మొదట రసికత వల్ల పుట్టలేదు, దొంగల భయం వల్ల పుట్టింది. 1980లలో న్యూయార్క్ నగరంలో కార్ల అద్దాలకు 'రేడియో లేదు' అని చీటీలు అంటించుకునేవారు. అద్దం పగలగొట్టినా లాభం లేదని దొంగకు ముందే విన్నవించుకోవడమన్నమాట. తరువాత స్టీరియో ముఖాన్ని ఊడదీసి జేబులో వేసుకునే ఏర్పాటు వచ్చింది. మన దేశంలోనూ ఎందరో అలా చేసినవారే. నేటి బండ్లలో ఆ అవకాశం తక్కువ. డాష్‌బోర్డు మీది తెర పాటలకే పరిమితం కాదు. వెనుక కెమెరా బొమ్మ అందులోనే, తరచుగా బండి అమరికలూ అందులోనే. దాన్ని పీకి వేరొకటి పెట్టడం కుదరని పని. కాబట్టి తెరను ముట్టుకోకుండా, దాని స్పీకర్ తీగెలనుంచే సంకేతం తీసుకుని వేరే యాంప్లిఫయర్‌కు అందించడమే మార్గం. తీగె కోయకుండా మధ్యలో తగిలించే కప్లర్లు దొరుకుతున్నాయి. నాలుగు రూపాయలు ఎక్కువైనా అవే వాడాలి. కోసిన తీగె వారంటీకి ఎసరు పెడుతుంది.

ఎస్‌యూవీలో దాచడానికి చోట్లు మూడు. మొదటిది ముందు సీటు కింద. బల్లపరుపుగా ఉండే, యాంప్లిఫయర్ తనలోనే ఇముడ్చుకున్న చిన్న సబ్‌వూఫర్ అక్కడ పడుతుంది. రెండోది డిక్కీ పక్కగోడలోని గూడు. దాని ఆకారానికే ఫైబర్‌తో పెట్టె పోత పోయించి, పైన చాపగుడ్డ అంటిస్తారు. మూడోది డిక్కీ అడుగున స్టెపినీ గుంట. స్టెపినీ తీసేయమని సలహా ఇచ్చేవారుంటారు, వినవద్దు. అర్ధరాత్రి హైవే మీద పంక్చరైతే మంద్రస్థాయి మనల్ని ఇల్లు చేర్చదు. చక్రం గిన్నెలోనే ఇమిడే రకాలు వచ్చాయి కదా. ఫార్చ్యూనర్ వంటి బండ్లకు స్టెపినీ బయట, కిందనే వేలాడుతుంది కాబట్టి వారికి మొదటి రెండు చోట్లే గతి. నేను పక్కగూడు ఎంచుకున్నాను. పదంగుళాల సబ్‌వూఫర్, మూతి లేని మూసిన పెట్టె, మూడువందల వాట్ల యాంప్లిఫయర్. ఈ వాట్ల లెక్కలో డబ్బా మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే 'మ్యాక్స్' అంకెను నమ్మవద్దు. చిన్న అక్షరాల ఆర్‌ఎంఎస్ అంకెనే చూడండి.

దాచిన పనిలో ఒక ప్రమాదముంది. కంటికి కనబడదు కనుక పనివాడు ఏం చేశాడో తెలియదు. ఆ మూడువందల వాట్లు పూర్తిగా పలికినప్పుడు యాంప్లిఫయర్ దాదాపు 27 ఆంపియర్లు లాగుతుంది. రెండు హాలోజన్ హెడ్‌లైట్లు కలిసి తాగే కరెంటుకు అది మూడింతలు. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వెళ్ళే ఎర్ర తీగెకు, బ్యాటరీకి జానెడు రెండు జానల దూరంలోనే ఫ్యూజు ఉండి తీరాలి. ఫ్యూజు కాపాడేది యాంప్లిఫయర్‌ను కాదు, దారి పొడుగునా ఉన్న తీగెను. ఇంజను గదినుంచి లోపలికి దూరే చోట రేకు అంచు తగిలి ఆ తీగె తోలు ఒలిచిపోతే, ఫ్యూజు లేని పక్షంలో బండి తగలబడుతుంది. కాబట్టి ఆ రంధ్రంలో రబ్బరు కవచం ఉందో లేదో మీ కళ్ళతో చూడండి. ఎర్తింగు బోల్టు కింద రంగు గీకించారా? సంకేతపు తీగె, కరెంటు తీగె చెరో పక్కనుంచి లాగారా? లేకుంటే ఇంజను వేగంతో పాటు 'కుయ్' మని ఈల వినబడుతుంది. సీటు కింద పసుపు కప్లర్లు కనబడితే అవి సామాన్యంగా ఎయిర్‌బ్యాగులవి, వాటి జోలికి పోనివ్వవద్దు. యాంప్లిఫయర్‌కు ఊపిరాడే చోటుండాలి. గూడు మూసేముందు ఇవన్నీ ఫోనులో ఫోటోలు తీసి ఉంచుకోండి. రేపు మరో మేస్త్రీ చేతిలో పడ్డప్పుడు అవే పటాలు.

ఇదంతా మా మేనల్లుడికి వివరిస్తే వాడు ఒక్క మాటతో కొట్టిపారేశాడు. "మామయ్యా, అంత డబ్బు పోసి చాప కింద దాచుకోవడమేమిటి? పట్టుచీర కొని బీరువాలో పెట్టినట్టుంది." వాడి మాటలో న్యాయం లేకపోలేదు. కొయ్య పనిలో, తీగెల అమరికలో కొందరు పనివారి నైపుణ్యం నిజంగా చూడతగినది. అది మరుగున పడిపోవడం వారికి నష్టమే. దాచిన ఏర్పాటులో మరమ్మతు కష్టం, పెట్టె చిన్నది, మోత కూడా కొంత తక్కువే. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయినా నాకు డిక్కీలో సామాన్లు పెట్టుకునే చోటు కావాలి, అద్దం పగలగొట్టే ఆశ దొంగకు కలగకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, కంటికోసం ఖర్చు పెట్టే డబ్బు చెవికి మిగలాలి.

ఇక మొదట చెప్పిన ధర్మం. కంటినుంచి దాచినంత మాత్రాన గోడనుంచి దాచినట్టు కాదు.

మా అపార్ట్‌మెంటులో మా ఇల్లు మొదటి అంతస్తు, సరిగ్గా గేటు మీద. అమ్మకు ఎనభై దాటాయి, నిద్ర పట్టడమే గగనం. ఆ గది కిటికీ కింద రాత్రి పదకొండు దాటాక ఒక బండి వచ్చి ఆగేది. పాట వినబడేది కాదు, మాటలూ వినబడేవి కావు. గూట్లో స్టీలు గ్లాసులు మాత్రం సన్నగా గలగలమనేవి. అమ్మ లేచి కూర్చునేది. ఒకనాడు దిగి వెళ్ళి చూశాను. బండి బయట ఏ ఆర్భాటమూ లేదు, డిక్కీలోనూ ఏమీ కనబడలేదు. మా మతస్థుడే! కుర్రవాడు మర్యాదస్తుడు. "సారీ అంకుల్, అద్దాలన్నీ మూసే ఉన్నాయి కదా, బయటికి రాదనుకున్నాను" అన్నాడు.

అతడు అబద్ధమాడలేదు. అద్దాలు మూస్తే గాయకుడి గొంతు లోపలే ఆగుతుంది. మంద్రస్వరం ఆగదు. సన్నని రేకులు, అద్దాలు, ఇటుక గోడలు ఎగువ స్వరాలను ఆపినంతగా దిగువ స్వరాలను ఆపలేవు. అంటే బయటివారికి పాటలోని రసం పోయి, దరువు మాత్రం మిగులుతుంది. వినేవాడు కచేరీలో ఉంటాడు, పొరుగువాడు పిండిమర పక్కన ఉంటాడు.

చట్టం లేదా అంటే ఉంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెళ్ళు పరిమితి. కాని ఆ కొలత 'ఎ' తూకంలో ఉంటుంది. మనిషి చెవి మంద్రాన్ని తక్కువగా వింటుందని ఆ తూకంలో 50 హెర్ట్జ్ ధ్వనికి 30 డెసిబెళ్ళు కోసేస్తారు. మీటరు పట్టుకొచ్చి కొలిస్తే మా వీధి ప్రశాంతంగానే ఉందని చెప్పినా చెప్పవచ్చు. గ్లాసులు మాత్రం గలగలమంటూనే ఉంటాయి. కనుక దీన్ని చట్టానికి వదిలిపెట్టి లాభం లేదు. మీట ఎవరి చేతిలో ఉందో వారిదే బాధ్యత.

గుప్త సబ్‌వూఫర్ పెట్టించుకునేవారికి నా మనవి ఒక్కటే. పనివాణ్ణి అడిగి మంద్రస్థాయికి విడిగా ఒక మీట పెట్టించుకోండి, చేతికందే చోట. దాని ఖర్చు మొత్తంలో లెక్కలోకి రాదు. ఏర్పాటు పూర్తయిన రోజున మీరు రోజూ వినే స్థాయిలో పాట పెట్టి, తలుపులు మూసి, బయటికి దిగి పదడుగులు నడవండి. అక్కడ దరువు వినబడితే, వినబడనంతవరకు తగ్గించి ఆ చోట మీటకు చిన్న గుర్తు పెట్టుకోండి. గేటు దగ్గరికి వచ్చేసరికి మీట ఆ గుర్తు దాటకూడదు. హైవే మీద మీ ఇష్టం. చెవులు మీవి, వాటి భద్రత కూడా మీదే.

ఆ కుర్రవాడికి కూడా ఇదే చెప్పాను. ఇప్పుడు అతడు సందు మలుపులోనే తగ్గించేస్తాడు. అమ్మకు నిద్ర పట్టడం లేదన్నది అలాగే ఉంది, అది వయసు. కాని లేచి కూర్చోవడం లేదు. అతడి బండిలో పాట ఎంత బాగుంటుందో ఒక ఆదివారం పక్కన కూర్చుని విన్నాను. మా బండికన్నా బాగుంది.