ఇంటి లెక్కలో మనమూ కూర్చుందాం

సంక్రాంతికి ఊరికెళ్లేసరికి మా చేలో చివరి ఏరుడు అయిపోయింది. మాది వరంగల్ దగ్గర ఒక పల్లె. నాలుగెకరాల పత్తి. రెండు సొంతం, రెండు కౌలు. భోజనాలయ్యాక నాన్న పాత డైరీ ముందేసుకుని ఏదో కూడుతూ కనిపించాడు. ఎంత మిగిలిందని అడిగితే డైరీ మూసేశాడు. ‘‘నీకెందుకు బిడ్డా ఇయ్యన్నీ? నువ్వు సదువుకో’’ అన్నాడు.

ఊళ్ల నుంచి వచ్చి పోటీ పరీక్షలు రాస్తున్న మనలో చాలామంది ఈ మాట వింటూనే పెరిగాం. అందులో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ మాటను సాకుగా వాడుకునేది మాత్రం మనమే. ఇంటివాళ్లు అప్పు సంగతి మనకు చెప్పరు, మాక్ టెస్టుల్లో వచ్చే మార్కులు మనం వాళ్లకు చెప్పం. ఒకరినొకరు బాధపెట్టొద్దని దాస్తాం. ఈలోగా అప్పు పెరుగుతుంది, వయసూ పెరుగుతుంది.

ఆ రాత్రి నేను పట్టుబట్టి డైరీ తెరిపించాను. మొత్తం వచ్చింది 24 క్వింటాళ్లు. ఈసారి వానలు ఎడతెరిపి ఇవ్వలేదు. అక్టోబరు చివర్లో మొంథా తుపాను మా వైపు కుమ్మరించేసరికి పగిలిన కాయలన్నీ చేలోనే తడిశాయి. పొడవు పింజ పత్తికి 2025-26 సీజన్ మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. అయితే తేమ 8 శాతం దాటితే ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోస్తారు, 12 దాటితే సీసీఐ కొనదు. మాకు 11 శాతం చూపించింది. అలా 16 క్వింటాళ్లు రూ.7,867 చొప్పున పోయాయి. రంగు మారిన 8 క్వింటాళ్లు ప్రైవేటు వ్యాపారికి రూ.6,200 చొప్పున ఇచ్చాం. చేతికొచ్చింది దాదాపు లక్షా 75 వేల 500.

ఖర్చు చూడండి. కౌలు 30 వేలు, విత్తనాలు 7,200, ఎరువులు, పురుగుమందులు 48 వేలు, దున్నకం, గుంటుకలు 20 వేలు, కలుపు 16 వేలు, ఏరినందుకు కిలోకు 12 రూపాయల లెక్కన 28,800, బండి కిరాయి 5 వేలు. మొత్తం లక్షా 55 వేలు. బయట తెచ్చిన 60 వేలకు నూటికి రెండు రూపాయల మిత్తి, ఏడు నెలలకు 8,400. చివరికి మిగిలింది 12 వేల చిల్లర. అమ్మానాన్నల కూలి ఇందులో కలపలేదు.

హైదరాబాద్‌లో నా హాస్టల్ బిల్లు నెలకు 6,500. నాలుగెకరాల మీద ఏడు నెలల మిగులు నా రెండు నెలల హాస్టల్‌కు కూడా సరిపోలేదన్నమాట. మరి ఇన్నాళ్లూ నాకు డబ్బులు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ 60 వేలలో సగం నా కోచింగ్ ఫీజేనని అప్పుడు తెలిసింది. అంటే సేద్యం ఖాతాలో కట్టిన మిత్తిలో సగం కూడా నాదే.

ఇంకో తప్పు నాది. సీసీఐకి పత్తి అమ్మాలంటే 2025-26 సీజన్ నుంచి ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. అందులో నమోదైన నంబరు నాది. నాన్న ఓటీపీ కోసం ఫోన్ చేసినప్పుడు నేను లైబ్రరీలో ఫోన్ ఆపేసి కూర్చున్నాను. సాయంత్రం చూసేసరికి స్లాట్లు అయిపోయాయి. మళ్లీ దొరికేదాకా తొమ్మిది రోజులు పత్తి ఇంట్లోనే ఉంది. ‘చదువుకుంటున్నా కదా’ అని నాకు నేను సర్దిచెప్పుకున్నా. నాన్న ఒక్క మాటా అనలేదు.

‘ఇవన్నీ తెలుసుకుంటే టెన్షన్ పెరిగి చదువు సాగదు’ అని నా రూమ్మేట్ అంటాడు. నిజమే, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కానీ తెలియకపోతే ఉండే టెన్షన్ తక్కువేం కాదు. ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఇంటికి ఫోన్ చేయడానికి భయపడతామే, అదేంటి మరి? లెక్క తెలిస్తే భయానికి ఒక అంకె దొరుకుతుంది, అప్పుడు దాన్ని తగ్గించే దారి వెతకొచ్చు.

మేం వెతికాం. బ్యాంకులో పంట రుణం 3 లక్షల లోపు గడువులోగా కడితే పడే వడ్డీ 4 శాతమే. బయటి మిత్తి ఏడాదికి 24 శాతం. అందుకే బ్యాంకు గడువు తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి, బయటి అప్పు ముందు తీర్చాలని అనుకున్నాం. నా సంగతీ తేల్చుకున్నాం. ఇంకొక్క ఏడాది ప్రిపరేషన్. అదీ హాస్టల్‌లో కాదు. హన్మకొండలో సాయంత్రాలు ట్యూషన్లు చెబుతూ, నా ఖర్చు నేను పెట్టుకుని. ఏడాదిలో రాకపోతే దొరికిన ప్రైవేటు ఉద్యోగంలో చేరి, ఆ తర్వాత రాసుకుంటా.

మీ ఇంట్లో పంట వరి కావచ్చు, మిర్చి కావచ్చు. సీజన్ ముగిసే ఈ రోజుల్లో ఒక్క సాయంత్రం కూర్చోండి. ఎంత అప్పు, ఏ మిత్తికి, గడువెప్పుడు అని అడగండి. మీకు నెలకు ఎంత పంపిస్తున్నారో, అది ఎక్కడి నుంచి వస్తోందో అడగండి. బదులుగా మీ మార్కులు, ఇంకెన్నాళ్లు చదవాలనుకుంటున్నారో నిజంగా చెప్పండి. కొత్త బ్యాచ్‌కు ఫీజు కట్టేది ఆ తర్వాతే.

రేపు ఏ బ్యాంకు ఇంటర్వ్యూలోనో ‘ఈ గ్యాప్‌లో ఏం చేశారు’ అని అడిగితే తడుముకోవాల్సిన పనీ ఉండదు. పంట అమ్మకం, అప్పు లెక్క, రుణం గడువు స్వయంగా చూసుకున్నామని చెప్పొచ్చు. అది బ్యాంకు పనికి దగ్గరి పనే.

పండగ వెళ్లాక నేను బస్సెక్కేటప్పుడు నాన్న డైరీ నా చేతికిచ్చాడు. ‘‘కూడిక ఒక్కసారి సరిచూడు బిడ్డా’’ అన్నాడు.